ఆ పేరు మేడంది కాదు

ఆ రోజు పరీక్ష మధ్యలో ల్యాబులోని అందరి ప్రోగ్రాములూ ఒక్కసారిగా మాయమైపోవడానికి కారణం నేను. మేడం కాదు. నేనే ఒక ఖాళీ సీట్లో కూర్చుని, ఒక మాట టైపు చేసి, ఎంటర్ నొక్కాను. అప్పుడే నోరు తెరిచి ఉంటే ఆ సాయంత్రానికి ముగిసిపోయే సంగతి. తెరవలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. కొన్నాళ్లకు ఇక చెప్పనక్కర్లేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అలా పదిహేనేళ్లు దాటిపోయాయి.

పోయిన వానాకాలం ఒక పిల్లవాడి నోట ఒక మాట వినకపోతే ఇంకా అలాగే ఉండేవాణ్ని. తాండూరులో అప్పుడు పనిచేసిన కాలేజీలోనే ఇప్పటికీ ఉన్నాను. అదే ల్యాబు. ఆ రోజు ఫస్టియర్ పిల్లవాడొకడి తెర బిగుసుకుపోయింది. వాడేదో కొట్టబోతుంటే పక్కవాడు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, కిల్లాల్ మేడం లెక్క చేయకు. ల్యాబ్ మొత్తం బంద్ పడ్తది."

"ఎవర్రా ఆ మేడం?" అని అడిగాను.

"తెలువదు సార్. ఎన్కట ఉండెనట. పరీక్షల అందరి ప్రోగ్రాములు ఒక్క దెబ్బకు తుడిచి పెట్టిందట. సీనియర్లు అంటరు."

వాడు నవ్వాడు. ఆమె ఇక్కడి నుంచి వెళ్లిపోయేనాటికి వాడు నడక నేర్చుకుంటూ ఉండి ఉంటాడు. ఆమె ముఖం, గొంతు, నడక తెలిసినవాళ్లు కాలేజీలో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. ఆ పేరు మాత్రం మిగిలింది. దాన్ని ఆమెకు తగిలించింది నేను కాదు. ఊడదీయగలిగినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే.

ఆ పిల్లలకు ఆ తర్వాత క్లాసులో నిజం చెప్పాను. పాత విద్యార్థులు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మేడం సొంత పేరు రాయను. "నా పేరు కాయితం మీదికి ఎక్కియ్యుమని నీకెవరు చెప్పిన్రు?" అంటారు. కాలేజీలో వేరే మేడంలు కూడా ఉండేవారు కానీ, ఉత్త 'మేడం' అంటే ఆమే.

ఆమెది వికారాబాద్. మాది కోట్‌పల్లి దగ్గర ఊరు. కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు వికారాబాద్‌లోనే గది తీసుకున్నాను. పొద్దున ప్యాసింజర్ బండిలో ఇద్దరం తాండూరు వెళ్లేవాళ్లం. చలికాలంలో అనంతగిరి వైపు నుంచి పొగమంచు పట్టాల దాకా దిగి ఉండేది. బండి అందులోకి మెల్లగా జొరబడేది. ప్లాట్‌ఫాం, చాయ్ అమ్మేవాడి కేక, స్టేషన్ దీపాలు వెనకాలే కరిగిపోయేవి. ఆ తర్వాత కాసేపు కిటికీలో ఏమీ ఉండేది కాదు, తెల్లదనం తప్ప. బండి కదులుతోందో ఆగి ఉందో కూడా తెలిసేది కాదు. మేడం కిటికీ పక్కన కూర్చుని, శాలువా చెవుల దాకా లాక్కుని, కళ్లు మూసుకునేవారు.

నిద్రపోయేవారు మాత్రం కాదు. ఎదురుగా ఇద్దరు మనుషులు బండి నిన్న ధారూర్‌లో క్రాసింగ్ కోసం ఆగిందా లేదా అని వాదించుకుంటుంటే, మూసిన కళ్లతోనే, "నిన్న కాదు, మొన్న" అనేవారు. "మేడం నిద్రల గూడ హాజరు తీసుకుంటది" అని వాళ్లు నవ్వేవారు. ఆమె కళ్లు తెరవకుండానే, "నువ్వు మొన్న రాలే. గైర్హాజరు" అనేవారు.

సీతాఫలాల కాలంలో స్టేషన్ దగ్గర గంపలోంచి ఏరి ఏరి తీసుకునేవారు. ఒక పండు తినడానికి వికారాబాద్ నుంచి తాండూరు దాకా పట్టేది. ఒక్కో తొన వేలితో విడదీసి, చప్పరించి, నల్లటి గింజను రుమాల్లో పెట్టుకునేవారు. నేను రెండు నిమిషాల్లో కానిచ్చి, ఇంకోదాని కోసం చెయ్యి చాపితే కొట్టేవారు.

"సీతాఫలం తినేటోనికి సబర్, ఓపిక ఉండాలె సారూ. నీకది లేదు. నువ్వు గింజలు గూడ మింగుతవ్."

నాకంటే పన్నెండు పదమూడేళ్లు పెద్ద. అందరి ముందు 'మీరు' అనేవారు, బండిలో, మేమిద్దరమే ఉన్నచోట 'నువ్వు' అనేవారు. రెండింటికీ 'సారూ' అని తోక తగిలించేవారు. ఆ 'సారూ'లో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను.

ల్యాబు నేల తాండూరు బండలతో పరిచింది. చెప్పులు బయట విడవాలి. లోపల అడుగుపెడితే అరికాళ్లకు చల్లగా తగిలేది. చుట్టుపక్కల రాళ్లు కోసి పాలిష్ చేసే యూనిట్లు ఉండటంతో, రోజూ తలుపు తీసేసరికి కీబోర్డుల మీద పల్చగా తెల్లటి దుమ్ము. పదిన్నరకు కిటికీలోంచి ఎండ వాలితే ఆ దుమ్ము గాల్లో మెరుస్తూ తేలేది. గదంతా నీళ్లలో మునిగి ఉన్నట్టు, పిల్లలు ఆ నీళ్ల అడుగున కూర్చుని టైపు చేస్తున్నట్టు ఉండేది. దూరంగా రాయి కోసే మిషను ఒకే శ్రుతిలో మోగుతుండేది. ఆ చప్పుడు ఆగినప్పుడే అది అంతసేపూ మోగిందని తెలిసేది.

ఆ రోజుల్లో ల్యాబులో అసలు కంప్యూటర్ ఒక్కటే, మేడం బల్ల పక్కన. మిగిలిన సీట్లలో ఉన్నవి పేరుకు కంప్యూటర్లే గానీ, పిల్లలు ఎక్కడ కూర్చుని ఏం చేసినా పని జరిగేది ఆ పెద్ద యంత్రంలోనే. వైరస్‌ల బాధ పడలేక దానిలో లినక్స్ పెట్టారు. అందరికీ లాగిన్ పేరు కూడా ఒకటే. పిల్లలు పాస్‌వర్డులు మరిచిపోయి పరేషాన్ చేస్తున్నారని ప్రిన్సిపాల్ సారే అలా చేయించారు. అంటే, ఆ యంత్రం లెక్కలో ల్యాబు నిండా కూర్చున్నది ఒక్క మనిషే. ఎవరు ఏ సీటు నుంచి ఆజ్ఞ ఇచ్చినా అది అందరి పనికీ తగలొచ్చు.

అందుకే మేడం కొన్ని పద్ధతులు పెట్టుకున్నారు. ఎవరి ప్రోగ్రామైనా బిగుసుకుపోయి, మౌస్ నొక్కినా కీలు కొట్టినా ఉలకనప్పుడు, వాళ్లు వేరే ఏదీ ముట్టకుండా చెయ్యెత్తాలి. మేడం వచ్చి ముందు ఆ మానిటర్ నెత్తిన వేలి కణుపుతో టక్ టక్‌మని కొట్టేవారు.

"అదెందుకు మేడం?" అని ఒకసారి అడిగాను.

"తలుపు కొట్టకుండ ఎవరింట్లకన్న పోతవా?"

తర్వాత గది మొత్తానికి వినపడేలా, "చేతులు!" అనేవారు. పిల్లలందరూ కీబోర్డుల మీంచి చేతులు పైకెత్తేవారు. రాయి కోసే మిషను తప్ప అన్నీ మౌనం. ఆ ఎండలో, ఆ తేలే దుమ్ములో, అన్ని చేతులు గాల్లో నిలిచి ఉండటం ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. కలలో మేడం 'దించండి' అనరు. చేతులు అలాగే ఉంటాయి.

అప్పుడు ఆమె నడుస్తున్న పనుల జాబితా తెర మీదికి తెచ్చేవారు. ప్రతి పనికీ ఒక నంబరు ఉంటుంది. బిగుసుకున్నది ఏదో వెతికి, దాని నంబరును ఒక్కో అంకె గట్టిగా చదివేవారు. ఆ సీటు పిల్ల తిరిగి చదవాలి. ఆమె టైపు చేసేవారు. ఎంటర్ నొక్కే ముందు పిల్ల ఇంకోసారి చదవాలి.

"ఇల్లు కూలగొట్టనీకి పోయేటోడు నంబర్ చూస్కోవాలె. ఒక్క అంకె తప్పితే పక్కోని ఇల్లు కూలుతది" అనేవారు.

మొదటి ఆజ్ఞ ఒక విన్నపం లాంటిది. 'ఇక చాలించు' అని ప్రోగ్రాముకు చెబుతుంది అంతే. దానికి వినే ఓపిక ఉంటే చేతిలో పని సర్దుకుని వెళ్లిపోతుంది. ఆమె అది కొట్టి, కుర్చీలో వెనక్కి వాలి, చూస్తూ కూర్చునేవారు. వినకపోతే చివరికి తొమ్మిదో రకం ఆజ్ఞ. దానికి విన్నపాల్లేవు, మెడపట్టి గెంటడమే. అది కొట్టాల్సి వచ్చిన రోజు ఆమెకు చిరాకుగా ఉండేది.

ఒక రకం ప్రోగ్రాములు ఉంటాయి. అవి అప్పటికే ముగిసిపోయి ఉంటాయి, కానీ పేరు జాబితాలో కనిపిస్తూనే ఉంటుంది. ఎన్నిసార్లు ఆజ్ఞ ఇచ్చినా పోదు. నాకు మొదటిసారి అది ఎదురైనప్పుడు కిందా మీదా పడ్డాను. మేడం చూసి అన్నారు:

"అది పోయిందయ్యా. పోయినదాన్ని ఎన్నిసార్లు సంపుతవ్? దాన్ని పుట్టిచ్చిన ప్రోగ్రాం ఇంకా ఖబర్ తీసుకోలే. అది తీసుకునేదాక పేరు గట్లనే ఉంటది."

నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. గుండె కరిగిపోయింది. "ఎంత లోతైన మాట మేడం! మనుషులు కూడా అంతే కదా..." అని మొదలుపెట్టాను.

"కవిత్వం వద్దు సారూ. పుట్టిచ్చినదాని నంబర్ చూసి చెప్పు."

ఆమె అంతే. మెత్తగా కనిపించే మనిషే కానీ, మాట మెత్తన కాదు. ఒకరి తప్పును ఇంకొకరి కింద సర్దడం ఆమెకు చేతకాదు. స్టాఫ్ మీటింగులో ఒకసారి ప్రిన్సిపాల్ సారు, కొత్త ప్రింటర్‌లో చాయ్ ఎవరు పోశారని అడిగారు. అందరం బల్ల మీది గీతలు చూస్తూ కూర్చున్నాం. మేడం లేచారు.

"ఫిజిక్స్ సారు. నేను చూసిన. మీరే చెప్పున్రి అని పొద్దుగాల్నే చెప్పిన. చెప్తలేరు."

ఫిజిక్స్ సారు ముఖం కందిపోయింది. "మేడం, జర ఇజ్జత్ ఉంచున్రి."

"ఇజ్జత్ మీ చేతుల్నే ఉండె సార్. చాయ్ గ్లాస్ గూడ మీ చేతుల్నే ఉండె."

ఇదంతా నేను కళ్లారా చూశాను. చూసి కూడా ఆమె గురించి అంత అబద్ధపు కథ ఎలా అల్లుకున్నానో చెప్పాలంటే ఆ పరీక్ష రోజుకు రావాలి.

ప్రాక్టికల్ పరీక్ష. బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చారు. పొడుగాటి మనిషి, తలుపులోకి వస్తూనే, "చీమ చిటుక్కుమన్నా ఊరుకోను" అన్నారు. మాట్లాడటానికి వీల్లేదు, పిల్లలకూ మాకూ. పిల్లలు ఎడిటర్లు తెరుచుకుని ప్రోగ్రాములు రాస్తున్నారు. సగం సమయం గడిచాక కుల్కచర్ల నుంచి వచ్చే అమ్మాయి చెయ్యెత్తింది. ఆమె ఎడిటర్ బిగుసుకుపోయింది.

మేడం వెళ్లి చూశారు. అలవాటు ప్రకారం 'చేతులు' అనబోయి, ఎగ్జామినర్ వైపు చూసి ఆగిపోయారు. తన బల్ల దగ్గరికి వచ్చి, జాబితా తెచ్చుకుని, నంబరు కళ్లతోనే చదువుకుని, టైపు చేసి ఎంటర్ నొక్కారు. ఆమె నంబరు గట్టిగా చదవకుండా కొట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే. అది విన్నపం ఆజ్ఞ. ఎడిటర్ వెంటనే పోలేదు. మేడం వెనక్కి వాలి చూస్తుండగా, ఏవో సంతకాలకని ఎగ్జామినర్ ఆమెను వరండాలోకి పిలిచారు. వెళ్లారు.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. కళ్ల నిండా నీళ్లు. గొంతు లేకుండా పెదాలతో, "సార్, టైం పోతుంది" అంది.

నేను టెంపరరీ లెక్చరర్ని. నాకు కూడా అన్నీ వచ్చునని ఎవరికైనా చూపించాలన్న ఉబలాటం ఉండేది. నా గదిలో పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకుని, దాని మీద ఒక సులువైన ఆజ్ఞ నేర్చుకున్నాను. నంబరు వెతకక్కర్లేదు. కిల్లాల్, అంటే 'అన్నిటినీ చంపు' అని కొట్టి, పక్కన ప్రోగ్రాం పేరు రాస్తే చాలు, ఆ పేరున నడుస్తున్నవన్నీ ముగిసిపోతాయి. గదిలో ఎప్పుడూ బాగానే పనిచేసింది. గదిలో ఉన్నది నేనొక్కణ్నే కదా. ల్యాబులో అందరూ ఒకే పేరు మీద, ఒకే ఎడిటర్‌లో కూర్చుని ఉన్నారని ఆ క్షణాన నాకు తోచలేదు.

ఖాళీ సీట్లో కూర్చున్నాను. కొట్టాను. నొక్కాను.

ఎదురు వరసలో ఒక తెర నీలంగా మారింది. దాని పక్కది. తర్వాత వరస మొత్తం. వాళ్లు రాసిన అక్షరాలన్నీ పోయి, ప్రతి సీటు ముందూ అదే ఖాళీ నీలం. పిల్లల ముఖాల మీద ఆ నీలం వెలుగు పడి ఉంది. ఎవరూ అరవలేదు. ఏడుపులు మొదలయ్యే లోపు ఆ కాస్త సేపు, గదిలో చాలా ప్రశాంతంగా ఉండింది. అంత ప్రశాంతతను మళ్లీ ఎప్పుడూ చూడాలని లేదు.

ఎగ్జామినర్ పరుగున వచ్చారు, వెనకాలే మేడం. కాసేపటికి ప్రిన్సిపాల్ సారు. ఆయన ఇంకెవరి వైపూ చూడకుండా, "మేడం, ఏమైంది?" అన్నారు. మేడం తెరలన్నీ ఒకసారి చూశారు. తన బల్ల వైపు చూశారు.

"నాదే సార్," అన్నారు. "నంబర్ తప్పు కొట్టినట్టున్న. అన్నిటిని నడిపేదానికే తగిలింది."

నేను ఆ ఖాళీ సీటుకు దూరంగా, గోడ పక్కకు జరిగాను.

"అన్నీ బంద్ చేసి మళ్ల స్టార్ట్ చేయున్రి" అన్నారు ప్రిన్సిపాల్ సారు. మెయిన్ స్విచ్ దగ్గరికి పరుగెత్తింది నేనే. నేనేం కొట్టానో చూపించే తెర కూడా దాంతో ఆరిపోయింది. అది ఆరిపోవాలనే పరుగెత్తానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పిల్లలకు ఇంకొంత సమయమిచ్చారు. మళ్లీ రాశారు. అందరూ పాసయ్యారు కూడా. ఎవరికీ నష్టం లేదు కాబట్టి ఎవరూ లోతుగా అడగలేదు. కానీ ఎగ్జామినర్ పైకి ఏదో రాసి పంపారు. ల్యాబు బాధ్యత మేడం దగ్గర్నుంచి తీసి నాకిచ్చారు. ఆమెను ఆఫీసులో సర్టిఫికెట్లు రాసే పనికి వేశారు.

ఆ సాయంత్రం బండిలో, చెబుదామనే ఎదురుగా కూర్చున్నాను.

"మేడం, ఇయ్యాల ల్యాబ్ల..."

"ల్యాబ్ ముచ్చట వద్దు సారూ. ఇయ్యాల వద్దు."

కళ్లు మూసుకున్నారు. బయట కందిచేలు పచ్చపువ్వుతో వెనక్కి వెళ్తున్నాయి. నేను ఆ మూసిన రెప్పల వైపు చూస్తూ ఒక కథ అల్లాను. మేడంకు అంతా తెలుసు. టెంపరరీ ఉద్యోగం పోతుందని నన్ను కాపాడారు. 'నాదే సార్' అన్నది నా కోసం. బండి ధారూర్ దాటేసరికి ఆ కథ నాకు ఎంతో హాయిగా అమరిపోయింది. నాకు తప్పుకు బదులు కృతజ్ఞత దొరికింది. కృతజ్ఞతతో మనిషి సుఖంగా బతకొచ్చు. పెళ్లయ్యాక నా భార్యకు కూడా చెప్పాను, "ఒక మేడం నా తప్పు తన మీద వేసుకున్నారు" అని. చెబుతుంటే నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

ఆఫీసులో ఆమె కంప్యూటర్‌లో ఏదైనా బిగుసుకుంటే నన్ను పిలిపించేవారు. "సారూ, జర నువ్వే చూడు" అని కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడేవారు. నన్ను ఎత్తిపొడుస్తున్నారనుకునేవాణ్ని. అది కూడా నా కథలోకే సర్దుకున్నాను. ఆ ఏడాది చివర్లో ఆమె ఉద్యోగం మానేశారు. నేను తాండూరుకే మకాం మార్చుకోవడంతో పొద్దుటి బండి కూడా పోయింది. నేనేం కొట్టానో తెలియకుండానే, అన్నిటినీ చంపిందని పిల్లలు ఇంగ్లీషులో పెట్టిన ఆ పేరు మాత్రం బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు నడుస్తూ వచ్చింది.

అదే పేరు ఆ ఫస్టియర్ పిల్లవాడి నోట విన్నాక వచ్చిన ఆదివారం, వికారాబాద్ బండెక్కాను. సన్నగా వాన. ఆమె ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తీసింది ఆమె చెల్లెలు. లోపలికి తిరిగి, "ఆపా, తాండూర్ సే కోయీ సార్ ఆయే" అని, ఎవరో సారు వచ్చారని అక్కకు కేకేసింది.

మేడం వచ్చారు. జుట్టు మొత్తం తెల్లబడింది. కళ్లద్దాలు దారంతో మెడలో వేలాడుతున్నాయి. నన్ను చూసి, ఎవరో పోల్చుకోవడానికి క్షణం కూడా పట్టలేదు.

"అరె సారూ! నెత్తి మీద వెంట్రుకలు ఏడ పెట్టొచ్చినవ్? ధారూర్ల దిగినయా?"

నవ్వాం. చాయ్ వచ్చింది. బల్ల మీద గుడ్డ కప్పిన లాప్‌టాప్ ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇంకా లినక్సేనా మేడం?" అన్నాను.

చెల్లెలు అందుకుంది. "అది నాది సార్. ఆపా దాన్ని ముట్టదు. ఫోన్ల ఏదన్న ఆగినా నన్నే పిలుస్తది. 'నా చెయ్యి మంచిది కాదు' అంటది."

నాకు ఆ మాట అప్పటికీ ఎక్కలేదు. నేను బండిలో తయారుచేసుకున్న మాటల వెంట ఉన్నాను. చెల్లెలు లోపలికి వెళ్లగానే మొదలుపెట్టాను. "మేడం, ఆ పరీక్ష రోజు మీరు నన్ను కాపాడిన్రు. ఆ రుణం నేను..."

"నిన్నా?" అన్నారు. "నిన్నెందుకు కాపాడుత?"

ఆమె తన గ్లాసు పక్కకు జరిపారు.

"నంబర్ తప్పు కొట్టింది నేను గద. గట్టిగ చదవలే ఆ రోజు. ఆ పొడుగాయన మాట్లాడొద్దన్నడు, నేను నోరు మూసుకున్న. ఆఖరు అంకె ఏడా, ఒకటా? ఇప్పటికి గూడ యాదికొస్తది. కండ్లు చూపిచ్చుకున్న, అద్దాలు మార్చిన. చెయ్యి వణుకుతుందేమోనని హైదరాబాద్ల డాక్టర్‌కు చూపిచ్చిన. ఏం లేదన్నడు. ఏం లేకుంటే గంత తప్పు ఎట్ల పడ్తది?"

చాయ్ గ్లాసు నా చేతిలో ఎంత బరువుగా ఉందో అప్పుడు తెలిసింది. కింద పెట్టాను. ఆమెకు తెలియదు. ఏ రోజూ తెలియదు. నేను కృతజ్ఞతతో హాయిగా బతికిన ఆ ఏళ్లన్నీ ఆమె తన చేతిని అనుమానించుకుంటూ బతికారు. నేను ల్యాబు తాళాలు తిప్పుకుంటూ తిరుగుతుంటే, ఆమె ఫోను ఆగిపోయినా చెల్లెల్ని పిలిచారు.

చెప్పాను. ఖాళీ సీటు, కిల్లాల్, మెయిన్ స్విచ్, బండిలో అల్లిన కథ. అయిపోయాక ఆమె పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు అడగడం మొదలుపెట్టారు.

"నేను బయటికి పోయినంకనేనా నువ్వు కొట్టింది?"

"అవును మేడం."

"నువ్వు నొక్కినంకనే పోయినయా? నీ కండ్లతోని చూసినవా?"

"చూసిన మేడం. నేను నొక్కంగనే ఎదురు వరసల మొదలైంది."

"అయితే నేను కొట్టిన నంబరు?"

"మీ నంబర్ కరెక్టే మేడం. మీ దానితోని ఏం కాలే."

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు. బయట వాన చినుకులు రేకుల మీద పడుతున్నాయి. లోపల చెల్లెలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు. నేను ఆ చప్పుళ్లలో ఎక్కడో మునిగిపోతే బాగుండుననిపించింది.

"నేను గంత మంచిదాన్నని ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నారు చివరికి. గొంతు గట్టిగానే ఉంది. "ఫిజిక్స్ సారు చాయ్ పోస్తే మీటింగ్ల లేచి చెప్పినదాన్ని. నువ్వు చేసినవని తెలిస్తే ఆడనే చెవి పిండుతుంటి. నీ తప్పు నా నెత్తి మీద పెట్టుకుంటనా? అట్లాంటి ఔలదాన్ని, తెలివిలేనిదాన్ని అనుకున్నవా?"

"అనుకున్న మేడం. అట్ల అనుకుంటే నాకు నిద్ర పట్టింది."

"నాకు పట్టలే."

ఆ మాట మెల్లగా అన్నారు. దానికి జవాబుగా ఏదేదో మాట్లాడాను. అప్పటి నా ఉద్యోగం సంగతి, మా నాయన ఆశలు, ప్రిన్సిపాల్ సారు స్వభావం, మేడం గొప్ప మనసు. మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆమె చెయ్యెత్తి ఆపారు.

"సారూ, నువ్వు ఇంత దూరం నన్ను పొగడనీకి వచ్చినవా, ఇంకేమన్న చెప్పనీకి వచ్చినవా?"

కుర్చీలోంచి లేచాను. కూర్చుని చెప్పగలిగే మాట కాదనిపించింది.

"తప్పు నాది మేడం. మీ చెయ్యి తప్పలే, మీ కండ్లు తప్పలే. మొదట భయపడి చెప్పలే. ఎన్కసిరి, చెప్పకుంటేనే నాకు మంచిగున్నదని చెప్పలే. మీకు ఇంత అయిందని ఒక్కసారన్న వచ్చి అడగలే. నన్ను మాఫ్ చేయున్రి."